నిండిన పరుగు

ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 13:25, 20:24, 2 తిమోతి 4:6–8, హెబ్రీయులకు 12:1–2



2025 ఫిబ్రవరి 6వ తేదీన ఐర్లండు దేశములోని థర్లెస్ పందెపు మైదానమున, కంచెలు దాటించు గుఱ్ఱపు పరుగులో ఒక ప్రమాదము జరిగెను. వీ చార్లీ అను గుఱ్ఱమును నడుపుచున్న యువకుడైన రౌతు క్రిందపడి తీవ్రముగా గాయపడెను. అతనిని హెలికాప్టరులో కోర్క్ యూనివర్సిటీ ఆసుపత్రికి చేర్చిరి. పది దినములు వైద్యులు పాటుపడిరి. ఫిబ్రవరి 16వ తేదీ ఆదివారము తెల్లవారుజామున అతడు కన్నుమూసెను. అతని పేరు మైఖేల్ ఓసల్లివన్. వయస్సు 24 సంవత్సరములు.

అతడు కోర్క్ మండలములోని లంబార్డ్‌స్టౌన్ గ్రామమునకు చెందినవాడు. ఆ యింట గుఱ్ఱములు క్రొత్త కాదు. 1991లో అతని తండ్రి ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ మైదానమున, వృత్తి రౌతు కాకయే, ఒక పేరుపొందిన పందెమును గెలిచియుండెను. కుమారుడు డబ్లిన్ నగరములోని యూనివర్సిటీ కాలేజీలో వ్యవసాయ శాస్త్రము చదివి పట్టము పుచ్చుకొని, 2022లో వృత్తి రౌతు ఆయెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే మెరైన్ నేషనాల్ అను గుఱ్ఱముమీద ఫెయిరీహౌస్‌లో మొదటి శ్రేణి పందెమును గెలిచెను. 2023 మార్చి 14వ తేదీన, తండ్రి గెలిచిన ఆ చెల్టెన్‌హామ్‌లోనే, ఉత్సవపు మొట్టమొదటి పందెమును అదే గుఱ్ఱముమీద గెలిచెను. ఆ దినము సాయంకాలము కాకముందే జాజీ మాటీ అను మరియొక గుఱ్ఱముమీద రెండవ విజయమును పొందెను. ఆ యేటి ఐర్లండు యువ రౌతులలో ప్రథముడని అతనిని గౌరవించిరి. ఇదంతయు జరిగి రెండేండ్లు తిరుగకముందే అతని పరుగు ముగిసెను. వృత్తి రౌతుగా అతడు జీనుమీద గడిపిన కాలమంతయు కూడి మూడేండ్లు కూడ లేదు.

గుఱ్ఱపు పందెముల సంగతి ధ్యాన గ్రంథములో ఏల అని కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. పందెములమీద డబ్బు ఒడ్డి ఇల్లు గుల్లచేసికొన్న వారిని మన సంఘములలోనే ఎరుగుదుము. ఆ జూదమును నేను సమర్థింపబోను. అయితే మన తెలుగు మాటను గమనింపుడి. పందెము అనగా పరుగు పోటీ. పందెము అనగా డబ్బు ఒడ్డుట. రెండును ఒకే మాటలో కలిసిపోయినవి. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయములో మన అనువాదకులు ఈ మాటనే వాడిరి. అచ్చట గ్రీకు మూలములోనున్న మాట ‘అగోన్’. దానిలో ఒడ్డుట లేదు. పెనుగులాట కలదు, శ్రమ కలదు, బరిలో నిలిచినవాని చెమట కలదు. ఒడ్డువాడు ప్రహరీగోడ యివతల నిలుచును. పరుగెత్తువాడు లోపల తన దేహమును అప్పగించుకొనును. ఈ ధ్యానములో మన చూపు గోడకు లోపలనున్న వానిమీదనే.

ఈ యువకుని వార్త చదివినప్పుడు నా మనస్సు ఐర్లండులో నిలువలేదు. పదునొకండు సంవత్సరముల క్రిందట సముద్రతీరపు గ్రామమొకదానిలో నేను చేసిన ఒక సమాధి ప్రసంగమునకు వెళ్ళిపోయినది. 22 ఏండ్ల యువకుడు, ఆదివారపు బడి ఉపాధ్యాయుడు, మోటారుసైకిలుమీద వచ్చుచు లారీ క్రింద పడి చనిపోయెను. ఆ దినము నేను చాలమంది బోధకులు చెప్పునదే చెప్పితిని. దేవుడు తన తోటలోనికి వచ్చి అన్నిటికంటె అందమైన పువ్వును కోసికొనెనని చెప్పితిని. జనులు కన్నీరు తుడుచుకొనిరి. నేను బాగుగా బోధించితినని పెద్దలు నాతో అనిరి.

సమాధి కార్యక్రమము ముగిసిన తరువాత ఆ తల్లి నా దగ్గరకు వచ్చినది. ఆమె ఏడ్చుటలేదు. “అయ్యగారూ, దేవునికి పువ్వులు కరువా? నాకున్నది ఒక్కటే గదా” అని అడిగినది. నాలుగు భాషలలో వేదమును చదువ నేర్చిన నాకు ఆమెకు చెప్పుటకు ఒక్క మాట దొరకలేదు. “ప్రార్థన చేసికొందమమ్మా” అంటిని. “మీరు చేయండి అయ్యగారూ, నాకు రావడంలేదు” అన్నది. ఆ ప్రశ్నకు నేను ఋణపడియున్నాను. ఈ ధ్యానము ఆ ఋణములో కొంత తీర్చుటకు వ్రాయుచున్నాను.

1. పరుగునకు గురి కలదు

కంచెలు దాటు ఈ పరుగు మన దేశములో ఎక్కువమంది ఎరుగనిది. హైదరాబాదు మలక్‌పేట మైదానములో జరుగునవి చదునైన నేలమీది పరుగులు. ఐర్లండు, ఇంగ్లండు దేశములలో దీనికి వేరుగా ఒక ఋతువే కలదు. దూరము సాధారణముగా సుమారు రెండు మైళ్ళకు తగ్గదు. నాలుగు మైళ్ళకు మించినవియు కలవు. చిన్న అడ్డంకులైన హర్డిల్స్ మూడున్నర అడుగులు, పెద్ద కంచెలు నాలుగున్నర అడుగులు, అంతకు తక్కువ ఉండరాదని బ్రిటను నియమము. అర టన్ను బరువుగల జంతువు గంటకు సుమారు 30 మైళ్ళ వేగముతో వచ్చి వాటిని దాటవలెను. రౌతు కొద్దీ గుఱ్ఱము అని మన సామెత. అయినను ఎంత నేర్పరియైన రౌతైనను ఈ పరుగులో పడక తప్పదు. అందుచేత పందెము జరుగుచున్నంతసేపు వైద్యుల వాహనము మైదానము ప్రక్కన రౌతుల వెంట పరుగెత్తుచుండును. రౌతు బయలుదేరునప్పుడే ఆ వాహనమును చూచును. చూచియే బయలుదేరును.

ఈ పరుగునకు ఇంగ్లీషులో స్టీపుల్‌ఛేజ్ అని పేరు. స్టీపుల్ అనగా దేవాలయపు గోపుర శిఖరము. ఈ పేరు వచ్చిన విధమును ఐర్లండువారు ఇట్లు చెప్పుదురు. 1752లో ఓకలహాన్, బ్లేక్ అను ఇద్దరు తమ గుఱ్ఱములలో ఏది మేలైనదో తేల్చుకొనుటకు బటెవెంట్ అను ఊరి దేవాలయమునుండి డోనెరైల్ అను ఊరి దేవాలయమువరకు సుమారు నాలుగున్నర మైళ్ళు పరుగు తీసిరి. బాటవెంబడి కాదు, పొలములకు అడ్డముగా. నడుమ రాతి గోడలు, కందకములు, ముండ్ల కంచెలు. ఎచ్చట దాటవలెనో ఎవరును గుర్తులు పెట్టలేదు. దూరమున ఆకాశమునంటి కనబడుచున్న దేవాలయ శిఖరమే వారికి దారి చూపెను. ఆ రెండు ఊళ్ళును కోర్క్ మండలములోనివే. మైఖేల్ పుట్టి పెరిగినది ఆ మండలముననే.

మన మెదకు దేవాలయపు గోపురమును పొలములమీదుగా దూరమునుండి చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. కందకములో దిగినవానికి ప్రక్కనున్న గట్టు కనబడదు, రాబోవు గోడ కనబడదు. అయినను తలయెత్తినయెడల శిఖరము కనబడును. హెబ్రీయుల పత్రికా రచయిత యేసువైపు చూచుటను గూర్చి వ్రాసినప్పుడు వాడిన గ్రీకు క్రియకు, చుట్టునున్న వాటినుండి చూపు మరలించి ఒక్కదానిమీదనే నిలుపుట అని అర్థము. ఆ వచనమునకు ముందు మరియొక మాట కలదు. పందెము మన యెదుట ‘ఉంచబడినది’. దానిని మనము గీచుకొనలేదు. దాని పొడవును మనము నిర్ణయింపలేదు. ఎన్ని కంచెలో మనలను ఎవరును అడుగలేదు.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. పందెము దేవునిచేత ఉంచబడినదని చెప్పుట వేరు, ప్రతి పాటును దేవుడే కలుగజేసెనని చెప్పుట వేరు. సిలోయములోని గోపురము పడి 18 మంది చనిపోయిన వార్తను మన ప్రభువు ఎత్తి మాటలాడినప్పుడు, వారు ఇతరులకంటె పాపులు కారని స్పష్టముగా చెప్పెను (లూకా 13:4–5). ఆ రాళ్ళు ఏల పడెనో వివరింపలేదు. బ్రదికియున్నవారిని మారుమనస్సునకు పిలిచెను. లారీ ఏల వచ్చెనో, గుఱ్ఱము ఆ క్షణమున ఏల తడబడెనో మనకు చెప్పబడలేదు. చెప్పబడనిదానిని పువ్వుల మాటలతో కప్పుట బోధకుని పని కాదు. నేను ఆ తప్పు చేసితిని.

2. పరుగు నిండవలెను

అనువాదకునిగా నేను అనేక సంవత్సరములు మాటలతో కాలము గడిపినవాడను. ఒక దినము అపొస్తలుల కార్యముల గ్రంథమును పాఠము చెప్పుటకు సిద్ధపడుచుండగా 13వ అధ్యాయము 25వ వచనమువద్ద నా వ్రేలు ఆగినది. పిసిదియలోని అంతియొకయ సమాజమందిరములో పౌలు బాప్తిస్మమిచ్చు యోహానును గూర్చి మాటలాడుచున్నాడు. యోహాను తన ‘పని’ని నెరవేర్చుచున్న కాలమును గూర్చియని మన తెలుగు వేదములో చదువుదుము. అనువాదము తప్పు కాదు. అయితే గ్రీకులోనున్న మాట ‘ద్రొమొస్’, అనగా పరుగు. క్రియయో ‘నింపుట’. యోహాను తన పరుగును నింపుచుండెనని దాని భావము.

ఈ ‘ద్రొమొస్’ అను మాట క్రొత్త నిబంధన యంతటిలో మూడు చోట్ల మాత్రమే కనబడును. మొదటిది ఇది. రెండవది అపొస్తలుల కార్యములు 20:24. అచ్చట పౌలు ఎఫెసు సంఘపు పెద్దలకు వీడ్కోలు చెప్పుచు, తన పరుగును ముగింపవలెనని తప్ప తనకు వేరు ఆశ లేదనెను. మూడవది 2 తిమోతి 4:7. అచ్చట వృద్ధుడైన అదే పౌలు చెరసాలలోనుండి, తన పరుగు ముగిసెనని సాక్ష్యమిచ్చెను. ఈ మూడు చోట్లలో పరుగెత్తినవారు ఇద్దరే. వారి పరుగులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి.

పౌలు పరుగు దీర్ఘమైనది. దమస్కు మార్గము మొదలు రోమా చెరసాలవరకు ఎన్ని పట్టణములు, ఎన్ని ఓడలు, ఎన్ని పత్రికలు! ఫిలేమోనుకు వ్రాయునాటికే అతడు తన్ను తాను వృద్ధుడనని చెప్పుకొనెను. యోహాను పరుగు అట్టిది కాదు. అతడు మన ప్రభువుకంటె ఆరు నెలలు మాత్రమే పెద్దవాడు. ప్రభువుకంటె ముందుగా చనిపోయెను. అనగా ముప్పది దాటి కొద్ది యేండ్లకే. అరణ్యములో దీర్ఘకాలము సిద్ధపాటు, యొర్దాను ఒడ్డున కొద్దికాలము పరిచర్య, తరువాత చెర. ముగింపు ఎట్టిది? పుట్టినదిన విందులో ఒక రాజు త్రాగిన మైకపు ఒట్టు, ఒక బాలిక నాట్యము, ఒక పళ్ళెము. ఇంతకంటె అర్థములేని చావు ఏది? అయినను పరిశుద్ధాత్మ నడిపింపుచేత లూకా ఈ యిద్దరి జీవితములకును ఒకే మాట వాడెను. దీర్ఘమైన దానికిని ‘ద్రొమొస్’, కురచయైన దానికిని ‘ద్రొమొస్’. కురచయైనదానిని సగము పరుగు అనలేదు. నింపుచుండెను అనెను.

నింపుట అనగా నేమి? పాత్ర చిన్నదైనను పెద్దదైనను నిండవచ్చును. బాన ఖాళీగా ఉండవచ్చును, చెంబు నిండియుండవచ్చును. యోహాను తన పరుగును ఎట్లు నింపెనో అదే వచనములో కలదు. తాను క్రీస్తును కానని, తన వెనుక వచ్చువాని చెప్పులు విప్పుటకైనను తగనని చెప్పుటచేత నింపెను. తన వెనుకనున్నవానివైపు వ్రేలు చూపుటయే అతని పని. ఆ పని ఒక్క దినము చేసినను నిండుగా చేయవచ్చును. గ్రీకు క్రియ ఇచ్చట జరుగుచున్న పనిని సూచించును. నింపివేసెను అని కాదు, నింపుచుండెను అని. కత్తి వచ్చునాటికి అతడు నింపుచునే యుండెను.

ఇప్పుడు మరియొక జాగ్రత్త. నిండెను అని చెప్పుట, చాలును అని చెప్పుట కాదు. తల్లిదండ్రులకు 22 ఏండ్లు చాలవు, 24 ఏండ్లు చాలవు. యోహాను చనిపోయిన వార్త విన్నప్పుడు మన ప్రభువు ఏమి చేసెను? అతని పరుగు నిండెను గనుక దుఃఖింపవద్దని శిష్యులకు బోధించెనా? లేదు. దోనె యెక్కి ఏకాంతముగా అరణ్య ప్రదేశమునకు వెళ్ళెనని మత్తయి 14:13 చెప్పుచున్నది. ఒక్క మాటయు వ్రాయబడలేదు. సృష్టికర్తయైన వాక్యమే ఆ దినమున మౌనముగా నుండెను. నాయీను విధవరాలి కుమారుని పాడెవద్దను ఆయన మొదట ఆమెను చూచి కనికరపడెను (లూకా 7:13). అచ్చటి గ్రీకు మాట కడుపులోని ప్రేగులు కదలుటను తెలుపును. కడుపు తరుగుకొనిపోయెను అని మన పల్లెలలో స్త్రీలు చెప్పునది అదే. ఆ దినము నేను ఆ తల్లికి బోధింపకుండ ఆమె ప్రక్కన కూర్చుండియుండవలసినది.

ఇంకొక ప్రశ్న మిగిలియున్నది. పరుగే మొదలుపెట్టకముందే పోయిన పసిబిడ్డ సంగతి ఏమి? చెడిపోయిన మార్గములో పోవుచు అర్ధాంతరముగా చనిపోయిన కుమారుని సంగతి ఏమి? నా సంగతి ఏమి? నా యేబదియైదు ఏండ్ల పరుగులో ఖాళీలు ఎన్నో నాకు తెలియును. 2 తిమోతి 4:7లో పౌలు వాడిన ‘ముగించుట’ అను గ్రీకు క్రియను యోహాను సువార్త 19:30లో సిలువమీదనుండి మన ప్రభువు పలికెను. ముప్పది మూడేండ్ల ప్రాయమున, శిష్యులు పారిపోయియుండగా, చూచువారందరికి అది ఓటమియై యుండగా పలికెను. ఎవరి పరుగును తనంతట తానే నిండదు. దానిని నింపువాడు ఆయనయే. మన నమ్మిక మన పరుగుయొక్క పొడవుమీదను కాదు, అందము మీదను కాదు, ముగించినవాని మాటమీదనే.

ఐర్లండు యువకుని ఆత్మసంబంధమైన స్థితిని తీర్పుతీర్చుట నా పని కాదు. అతనిని పరిశుద్ధునిగా చేసి మీ యెదుట నిలుపుటయు నా ఉద్దేశము కాదు. అతనివలన ఒకటి నేర్చుకొంటిని. అపాయమును ఎరిగియు, ప్రక్కన వైద్యుల వాహనమును చూచుచు, ప్రతి ఉదయము జీనుమీద కూర్చున్నవాడు ఏ దినమును రేపటికి దాచిపెట్టుకొనలేదు. యాకోబు మన జీవమును ఆవిరితో పోల్చెను (4:14). మనము ఆ వచనమును సమాధులవద్ద చదువుదుము. ప్రొద్దున లేవగానే చదువవలసిన వచనమది.

3. మిగిలినవారు పరుగెత్తవలెను

ఈ పందెములలో ఒక మంచి నియమము కలదు. గుఱ్ఱము మోయవలసిన బరువు ముందుగా నిర్ణయింపబడును. రౌతు తేలికయైనయెడల జీనులో సీసపు పలకలు పెట్టి బరువు సరిచేయుదురు. అయితే అనుభవము తక్కువైన యువ రౌతుకు అనేక పందెములలో కొన్ని పౌండ్ల బరువు తగ్గింతురు. అతడు గెలిచిన పందెములు పెరిగినకొలది ఆ తగ్గింపు తరిగిపోవును. దీనివలన ఫలమేమనగా, మంచి గుఱ్ఱములను యువకులకు అప్పగించుటకు యజమానులు వెనుకాడరు. బరువు తగ్గింతురు గాని పని తగ్గింపరు.

మన సంఘములలో జరుగుచున్నది దీనికి మారు గదా? యౌవనస్థునికి పని తగ్గింతుము, బరువు పెంచుదుము. నీకింకను వయస్సు రాలేదని కమిటీలో కూర్చుండనియ్యము. అదే యువకునిమీద పెద్దల పాత కలహములను, కుటుంబముల కక్షలను, కులపు గోడలను మోపుదుము. హెబ్రీయుల పత్రిక విడిచిపెట్టుమని చెప్పిన భారమునే మనము వారి జీనులో సీసముగా పెట్టుచున్నాము. ముందు చదువు, తరువాత ఉద్యోగము, తరువాత వివాహము, ఆ తరువాత దేవుని పని అని వారికి చెప్పుచున్నాము. ఆ ‘తరువాత’ మన చేతిలో ఉన్నదా? యోషీయా 8 ఏండ్లకు రాజాయెను. 39 ఏండ్లకు యుద్ధములో గాయపడి చనిపోయెను. అతడు నలువదేండ్లవరకు వేచియుండినయెడల యూదాలో ఆ సంస్కరణమే లేకపోవును.

రెండవ సంగతి. మైఖేల్ చనిపోయిన ఆ దుఃఖదినములలోనే అతని కుటుంబమువారు అతని అవయవములను దానము చేయుటకు ఒప్పుకొనిరి. అతని మరణము దీనికొరకే కలిగెనని చెప్పరాదు. అది మరల పువ్వుల మాటయే యగును. దానిని అడ్డుకొనలేనివారు దాని నడుమ నిలిచి ప్రేమించిరని మాత్రము చెప్పవచ్చును. మన దేశములో 1994 నాటి చట్టము ఇట్టి దానమునకు మార్గము తెరచెను. తెలుగు రాష్ట్రములలో జీవన్‌దాన్ అను పేర ఇది జరుగుచున్నది. దేహము చెదరినయెడల పునరుత్థానమునకు అడ్డమగునేమో అని భయపడు విశ్వాసులు కలరు. సముద్రములో మునిగినవారిని, అగ్నిలో కాలిన హతసాక్షులను లేపువానికి ఇది కష్టమా? గింజకు తన యిష్టప్రకారము దేహమునిచ్చు దేవుని గూర్చి 1 కొరింథీయులకు 15వ అధ్యాయములో చదువుడి. ఇంటివారందరు ఆరోగ్యముగా నున్న దినముననే ఈ సంగతి కలిసి మాటలాడుకొనుడి. ఆసుపత్రి వసారాలో మొదటిసారి మాటలాడుట మిక్కిలి కష్టము.

మూడవ సంగతి. 2025 మార్చి నెలలో చెల్టెన్‌హామ్ ఉత్సవపు మొదటి పందెమును, రెండేండ్ల క్రిందట మైఖేల్ గెలిచిన ఆ పందెమునే, అతని పేరు జ్ఞాపకార్థముగా జోడించి నడిపిరి. మరునాడు, మార్చి 12వ తేదీన, మెరైన్ నేషనాల్ మరల అదే మైదానమున పరుగెత్తినది. జీనుమీద ఉన్నది షాన్ ఫ్లానగన్ అను వేరొక రౌతు. ఆ గుఱ్ఱము ఆ దినపు ప్రధాన పందెమును గెలిచినది. అతడు చనిపోయి అప్పటికి 24 దినములే. ఆ విజయములో అందరును అతనిని తలచుకొనిరి.

హెబ్రీయులకు 11వ అధ్యాయపు చివర ఒక ఆశ్చర్యకరమైన వాక్యము కలదు. విశ్వాస వీరులందరి పేర్లు చెప్పిన తరువాత, మనము లేకుండ వారు సంపూర్ణులు కారని రచయిత చెప్పుచున్నాడు. అచ్చటి గ్రీకు క్రియ, అపొస్తలుల కార్యములు 20:24లో పౌలు తన పరుగును ‘ముగించుట’కు వాడినదే. అనగా ముందు పోయినవారి పరుగు మన పరుగుతో ముడిపడియున్నది. వారు మేఘమువలె మనలను ఆవరించియున్నారు. వారు మనకొరకు ఎదురుచూచుచున్నారు. వారిని జ్ఞాపకము చేసికొనుటకు సమాధిమీద పాలరాయి పెట్టుట మంచిదే. వారు నింపుచు విడిచిన పనిని చేతబట్టుట అంతకంటె మంచిది.

గడచిన సంవత్సరము నేను ఆ తీరగ్రామమునకు మరల వెళ్ళితిని. ఆ తల్లి నన్ను గుర్తుపట్టినది. వసారాలో మంచము వాల్చి కూర్చుండబెట్టినది. “అమ్మా, ఆ దినము నేను చెప్పినది తప్పు. దేవుడు నీ కుమారుని కోసికొనిపోలేదు. ఏల జరిగినదో నాకు తెలియదు. నీవు అడిగిన ప్రశ్నను ఇన్నియేండ్లు మోసితిని” అని చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత లోపలికి వెళ్ళి ఒక హాజరు పుస్తకము తెచ్చి నా చేతిలో పెట్టినది. ఆదివారపు బడి పుస్తకమది. సగమువరకు ఆమె కుమారుని చేవ్రాత. ముప్పది యొక్క పిల్లల పేర్లు, ప్రతి ఆదివారమునకును గుర్తులు. అతడు చనిపోయిన వారము గడి ఖాళీగా ఉన్నది. దాని తరువాతి వారమునుండి వేరొక చేవ్రాత మొదలైనది.

“ఇది ఎవరిదమ్మా?” అని అడిగితిని.

ఆమె పై వరుసలోని ఒక పేరుమీద వ్రేలు పెట్టి చూపినది. “వీడే అయ్యగారూ. అప్పుడు పదమూడేళ్ళు. మావాడి దగ్గరే పద్యాలు వల్లెవేసేవాడు. మర్నాడు ఆదివారం ఎవరూ చెప్పకుండానే వచ్చి ఈ పుస్తకం అడిగాడు” అన్నది.

ఆ పుస్తకము చివరి పుటవరకు నిండియున్నది. ఆ దినము ప్రార్థన ఆమెయే చేసినది.

ప్రార్థన

ప్రభువా, మా దినములను లెక్కించువాడవు నీవే. పరుగు మధ్యలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రుల ప్రక్కన మాటలు లేకుండ కూర్చుండు కృప మాకు దయచేయుము. నీవు చెప్పనిదానిని నీ పేరట చెప్పకుండ మా పెదవులకు కావలియుంచుము. మా యౌవనస్థుల జీనులలో మేము పెట్టిన సీసమును తీసివేయుటకు మాకు ధైర్యమిమ్ము. మాకు మిగిలిన దూరము ఎంతయో మాకు తెలియదు. కందకములో దిగినప్పుడు తలయెత్తి నిన్ను చూచునట్లు చేయుము. మేము నింపలేనిదానిని, సిలువమీద ముగించినవాడవగు నీవే నింపుము. ముందు పోయినవారితో కూడ మమ్మును నీ సన్నిధికి చేర్చుకొనుము. ఆమెన్.